నీటి లెక్క తేలింది, మట్టి లెక్కే తేలలేదు

సరస్సు ఒడ్డున ఉన్న మట్టిగట్టు ఏడాదికి సగటున 30 సెంటీమీటర్ల చొప్పున వెనక్కి జరుగుతోందని ఒక నివేదికలో ఉందనుకుందాం. ఆ అంకె తప్పు కాకపోవచ్చు. కానీ ఏ ఒక్క ఏడాదీ ఆ గట్టు సరిగ్గా 30 సెంటీమీటర్లు జరిగి ఉండదు. ఐదేళ్లు చెక్కుచెదరకుండా నిలబడి, ఆరో ఏట ఒక్క రాత్రి గాలివానకు దాదాపు రెండు మీటర్లు విరిగి నీళ్లలో పడి ఉంటుంది. గట్టు మీద ఇల్లు కట్టుకున్నవాళ్లకు ఆ సగటుతో పనిలేదు. ఆ ఒక్క రాత్రి సంగతే వాళ్లకు కావాలి.

తుఫాను అలలు, ప్రవాహాలు తీరాన్ని ఎలా కోస్తాయో కంప్యూటర్‌లో లెక్కగట్టే మోడళ్లు ఆ రాత్రి కోసమే పుట్టాయి. గాలి ఎంత జోరుగా వీచింది, దానికి నీరు ఎటు ఎగదన్నింది, అలలు ఎంత ఎత్తు లేచాయి, ఎక్కడ విరిగాయి, విరిగిన నీరు ఎటు పారింది, ఆ పారుదల అడుగున మట్టిని ఎంత గీకింది. ఒక లెక్కకు వచ్చిన జవాబు తర్వాతి లెక్కకు ముడిసరుకు. ఈ గొలుసులో నీటికి సంబంధించిన లింకులు ఇవాళ బాగానే పనిచేస్తున్నాయి. మట్టి దగ్గరికి వచ్చేసరికే తడబాటు. కంప్యూటర్ ఎంత పెద్దదైనా ఆ తడబాటు పోదు. ఎందుకంటే వాడే పనిముట్లలో చాలావరకు సముద్రపు ఇసుక తీరాల కోసం తయారైనవి, సరస్సేమో చిన్న సైజు సముద్రం కాదు.

గాలి దగ్గరే మొదలయ్యే తప్పు

అలల ఎత్తు మూడింటి మీద ఆధారపడుతుంది: గాలి వేగం, అది వీచిన గంటలు, అడ్డు లేకుండా నీటి మీద అది పరుగెత్తిన దూరం. ఈ మూడోదాన్ని ఫెచ్ అంటారు. సముద్రంలో ఫెచ్‌కు పెద్దగా కొరత ఉండదు. సరస్సులో ఎదుటి ఒడ్డే దానికి హద్దు. ఈ లెక్కకు పునాది రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పడింది. సైన్యాలు తీరాన దిగే రోజు అలలు ఎలా ఉంటాయో ముందుగా చెప్పడానికి స్వెర్‌డ్రప్, మంక్ అనే శాస్త్రవేత్తలు ఒక పద్ధతి తయారు చేశారు. ఆ తర్వాత ఉత్తర సముద్రంలో జరిపి 1973లో ప్రచురించిన జాన్‌స్వాప్ కొలతలు, ఒడ్డు నుంచి దూరం పెరిగేకొద్దీ అల ఎలా పెరుగుతుందో తేల్చాయి. సముద్రంలో కొలిచినవే అయినా సరస్సుకు అతికినట్టు సరిపోయే లెక్క అది.

దాన్ని ఒకసారి వేసి చూద్దాం. గాలి సెకనుకు 20 మీటర్లు, అంటే గంటకు 72 కిలోమీటర్లు. ఫెచ్ 50 కిలోమీటర్లయితే అల ఎత్తు సుమారు 2.3 మీటర్లు వస్తుంది. ఒక అల వెనక మరో అల దాదాపు 6 సెకన్లకు వస్తుంది. అంత ఎత్తుకు పెరగడానికి గాలి నాలుగున్నర గంటలు వీస్తే చాలు. ఫెచ్ 200 కిలోమీటర్లయితే ఎత్తు 4.6 మీటర్లకు చేరుతుంది. అయితే అందుకు గాలి ఆగకుండా 11 గంటలు వీయాలి. దూరం నాలుగింతలైతే ఎత్తు రెండింతలే అవుతుందన్నమాట. చిన్న సరస్సు అల త్వరగా లేచి త్వరగా పడుకుంటుంది. అందువల్ల తుఫాను ఎన్ని గంటలు నిలిచింది, మధ్యలో గాలి దిక్కు ఎప్పుడు మారింది అన్నవి సముద్రంలో కంటే ఇక్కడ ఎక్కువ పట్టించుకోవాల్సిన వివరాలు.

సమస్యేమిటంటే గాలిని కొలిచే స్తంభాలు ఎక్కువగా నేల మీదే ఉంటాయి. చెట్లు, ఇళ్లు ఉన్న నేల మీద గాలి నెమ్మదిస్తుంది, నునుపుగా ఉన్న నీటి మీద వేగం పుంజుకుంటుంది. కాలాన్ని బట్టి కూడా తేడా వస్తుంది. చలికాలం ముంగిట సరస్సు నీరు ఇంకా వెచ్చగా ఉండి, పైన గాలి చల్లగా ఉంటే, ఆ గాలి కలతబారి పైనున్న వేగాన్ని కిందికి దింపి నీటిని బలంగా తోస్తుంది. వసంతంలో పరిస్థితి తలకిందులవుతుంది. చల్లటి నీటి మీద వెచ్చటి గాలి జారిపోతుంది, అలలు అంతగా లేవవు. నేల మీద కొలిచిన ఒకే గాలికి రెండు కాలాల్లో రెండు రకాల అలలు.

ఇక్కడ పదో వంతు పొరపాటు జరిగితే ఏమవుతుంది? ఫెచ్ హద్దుగా ఉన్నచోట అల ఎత్తు గాలి వేగంతో సమానంగా పెరుగుతుంది. తీరం వెంబడి కదిలే ఇసుకేమో ఎత్తుకు రెండున్నర ఘాతం చొప్పున పెరుగుతుంది. కాబట్టి గాలిలో 10 శాతం తప్పు ఇసుక దగ్గరికి వచ్చేసరికి 27 శాతం అవుతుంది. మట్టి గురించి ఒక్క ముక్క మాట్లాడకముందే పావు వంతు లెక్క గాలికి పోయినట్టే.

అలలు వచ్చే దిక్కు కూడా అంతే ముఖ్యం. పొడుగ్గా, సన్నగా ఉన్న సరస్సు మీద గాలి ఏటవాలుగా వీస్తే, అలలు గాలి దిక్కునే పట్టుకుని పోవు. ఎక్కువ పరుగు దొరికే పొడవాటి వైపుకు మొగ్గుతాయి. ఉత్తర అమెరికాలోని ఒంటారియో సరస్సులో డొనెలాన్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు చేసి 1985లో ప్రచురించిన కొలతల్లో ఈ మొగ్గు స్పష్టంగా కనిపించింది. ఒడ్డును అల తాకే కోణం కొద్ది డిగ్రీలు మారినా ఇసుక ఎడమకు పోవాల్సింది కుడికి పోవచ్చు.

ఒరిగే నీరు

గాలి అలలను లేపడంతో ఆగదు, మొత్తం నీటినే ఒక పక్కకు తోస్తుంది. పళ్లెంలో నీళ్లు పోసి ఒక చివర నుంచి ఊదినట్టు. ఎంత ఒరుగుతుందన్నది లోతు మీద ఆధారపడుతుంది. లోతు తక్కువైతే ఒరుగు ఎక్కువ. ఈరీ సరస్సు పొడవు 388 కిలోమీటర్లు, సగటు లోతు 19 మీటర్లే. ఇందాకటి గాలే దాని పొడవునా వీస్తే రెండు చివరల మధ్య నీటిమట్టం తేడా దాదాపు 1.9 మీటర్లు వస్తుంది. మిషిగన్ సరస్సు ఇంకా పొడుగు, 494 కిలోమీటర్లు. కానీ సగటు లోతు 85 మీటర్లు. అదే గాలికి అక్కడ తేడా అర మీటరు పైచిలుకే. ఒకే తుఫాను, పక్కపక్క సరస్సులు, అయినా ఒడ్డు అనుభవించేది వేరు. లోతు మరీ తక్కువైతే ఏమవుతుందో ఫ్లోరిడాలోని ఓకీచోబీ సరస్సు 1928 సెప్టెంబరులో చూపించింది. హరికేన్ గాలికి ఒరిగిన నీరు మట్టికట్టను దాటి ఊళ్ల మీద పడి 2,500 మందికి పైగా చనిపోయారు.

గాలి ఆగాక ఒరిగిన నీరు వెనక్కి వెళ్తుంది, అవతలి ఒడ్డును తాకి మళ్లీ వస్తుంది. ఈ ఊగుడును సేష్ అంటారు. జెనీవా సరస్సు మీద దీన్ని లోతుగా పరిశీలించిన స్విస్ శాస్త్రవేత్త ఫోరెల్ ఈ మాటను శాస్త్రంలోకి తెచ్చాడు. అక్కడ ఒక ఊపుకు గంటా పదిహేను నిమిషాల లోపే పడుతుంది, ఈరీలో దాదాపు 14 గంటలు. కోతకు దీనితో సంబంధం ఏమిటంటే, అలల జోరు, నీటి ఎత్తు ఒకే గంటలో కలిస్తేనే గట్టు పాదానికి దెబ్బ తగులుతుంది. నీరు ఎత్తులో ఉన్నప్పుడు అలలు చల్లారిపోయి ఉంటే గట్టు తప్పించుకుంటుంది. అందుకే అలల మోడల్‌ను, నీటిమట్టం మోడల్‌ను విడివిడిగా నడిపి చివర్లో రెండింటి గరిష్ఠాలను కలపడం సరైన పద్ధతి కాదు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో తయారైన స్వాన్ అనే అలల మోడల్‌ను, తుఫాను ఉప్పెనను లెక్కించే అడ్‌సర్క్‌ను జంటగా నడపడం ఇందుకే రివాజైంది. అలల నుంచి వచ్చే తోపును ఒకటి ఇస్తే, మారిన నీటి లోతును రెండోది తిరిగి ఇస్తుంది.

ఈ జంట నడక ఎంత ఖరీదైనదో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒడ్డు దగ్గర సరస్సును 10 మీటర్ల గళ్లుగా విడగొట్టామనుకోండి. అక్కడ నీటి లోతు 10 మీటర్లయితే నీటిలో కదలిక సెకనుకు దాదాపు 10 మీటర్లు ప్రయాణిస్తుంది. మామూలు పద్ధతిలో లెక్క అదుపు తప్పకుండా ఉండాలంటే కాలంలో అది ముందుకు వేసే ఒక్కో అడుగు సెకను కంటే ఎక్కువ ఉండకూడదు. మూడు రోజుల తుఫానుకు 2,59,200 అడుగులు, ప్రతి అడుగులో ప్రతి గడికీ లెక్క. సరస్సంతటినీ ఇంత సన్నగా విడగొడితే పని తెమలదు. అందుకని నడి సరస్సులో కిలోమీటర్ల వెడల్పున్న త్రికోణాలు, ఒడ్డుకు వచ్చేకొద్దీ చిన్నవయ్యే త్రికోణాలు వాడతారు.

అల విరిగాక

6 సెకన్లకు ఒకటి చొప్పున వచ్చే అల పొడవు లోతైన నీటిలో సుమారు 56 మీటర్లు. అందులో సగం, అంటే 28 మీటర్ల లోతుకు రాగానే అడుగు తగలడం మొదలవుతుంది. అక్కడి నుంచి వంగుతూ, నిక్కుతూ వచ్చి, దాని ఎత్తు అక్కడి నీటి లోతులో దాదాపు నాలుగింట మూడొంతులు దాటాక విరుగుతుంది. 2.3 మీటర్ల అలకు అది మూడు మీటర్ల లోతు దగ్గర. అల మోసుకొచ్చిన తోపు అంతా అక్కడ నీటికి బదిలీ అవుతుంది. ఈ తోపును లెక్కించే సూత్రాన్ని 1960లలో లాంగ్వెట్-హిగ్గిన్స్, స్టీవార్ట్ అనే శాస్త్రవేత్తలు ఇచ్చారు. ఇవాళ్టి మోడళ్లన్నిటిలోనూ ఉన్నది అదే.

తోపుకు లొంగిన నీరు రెండు దారుల్లో పారుతుంది. అలలు ఏటవాలుగా వస్తే తీరం వెంబడి ఒక పారుదల. ఒడ్డున పోగైన నీరు అడుగు నుంచి సరస్సులోకి వెనుదిరిగే పారుదల మరొకటి. మొదటిది ఇసుకను పక్కింటికి పంపుతుంది, రెండోది నడి సరస్సు వైపు ఈడ్చుకుపోతుంది. అల కలబెడుతుంది, పారుదల మోసుకుపోతుంది. విడిగా చూస్తే రెండూ అంత ప్రమాదకరంగా కనిపించవు.

ఇక్కడే సముద్రానికీ సరస్సుకూ దారులు వేరవుతాయి. సముద్రంలో తుఫాను ఇసుకను లోపలికి లాగి దిబ్బలా పేర్చి పోతే, తర్వాతి నెలల్లో ఎక్కడో దూరాన పుట్టిన పొడవాటి, నింపాది అలలు ఆ ఇసుకను మెల్లమెల్లగా తిరిగి ఒడ్డుకు చేరుస్తాయి. సరస్సుకు అలా దూరం నుంచి వచ్చే చుట్టాలు లేరు. తుఫాను పోయాక మిగిలేవి పొట్టి, నిటారు అలలే. పోయిన ఇసుక తిరిగొచ్చే వేగం బాగా తగ్గిపోతుంది. అమెరికాలో 2004, 2005 హరికేన్ల తర్వాత రూపొందిన ఎక్స్‌బీచ్ మోడల్ ఇసుక దిబ్బలు కొట్టుకుపోవడాన్ని చక్కగా పట్టుకుంటుంది. అలల గుంపుల వెంట వచ్చే పొడవాటి ఊపులు దిబ్బను గుద్దడాన్ని లెక్కించడం దాని బలం. సరస్సు ఒడ్డున ఆ ఊపుల పాత్ర చిన్నది, ఒక్కో అల దెబ్బ పాత్ర పెద్దది. అదే పనిముట్టును సర్దుబాటు చేయకుండా వాడితే మ్యాపులు రంగురంగులుగా వస్తాయి గానీ, నమ్మకం మాత్రం రాదు.

ఇక అసలు చిక్కు. ఒంటారియో, ఈరీ, మిషిగన్ లాంటి ఉత్తర అమెరికా మహా సరస్సుల ఒడ్డున చాలాచోట్ల ఉన్నది ఇసుక కాదు, హిమానీనదాలు వదిలివెళ్లిన గట్టి బంకమన్ను. దాని మీద పలచగా ఇసుక పరుచుకుని ఉంటుంది. పైకి చూస్తే బీచ్‌లాగే ఉంటుంది. తవ్వితే కథ వేరు. ఇసుక తీరంలో తుఫాను తీసుకెళ్లింది ఎంతో కొంత తిరిగి రావచ్చు, బంకమట్టి ఒకసారి చెదిరితే సన్నటి బురదగా మారి లోతు నీటికి పోతుంది. మళ్లీ బంకమట్టిగా రాదు. సరస్సు అడుగు ఒక సెంటీమీటరు తరిగితే ఆ సెంటీమీటరు శాశ్వతంగా పోయినట్టే. అడుగు తరిగితే లోతు పెరుగుతుంది, లోతు పెరిగితే తర్వాతి తుఫాను అల ఇంకాస్త పెద్దగా గట్టు దాకా వస్తుంది. గట్టు పాదం దగ్గర గోడ కట్టినా గోడ ముందు అడుగు తరుగుతూనే ఉంటుంది. కొన్నేళ్లకు గోడ పునాదే గాల్లో తేలుతుంది.

ఆ పలచటి ఇసుక పొర చేసే పని మరీ చిత్రం. కాస్త ఉంటే గరుకు కాగితంలా బంకమట్టిని అరగదీస్తుంది. దండిగా ఉంటే దుప్పటిలా కప్పి కాపాడుతుంది. ఒకే ఇసుక, మందాన్ని బట్టి శత్రువూ మిత్రుడూ అవుతుంది. ఇసుక ఎంత ఉంటే కోత ఎంత అని సరళరేఖ గీసే మోడల్ ఇక్కడ తలకిందులైన జవాబు ఇవ్వగలదు.

తీరం వాలు ఎప్పుడూ ఒక స్థిరమైన ఆకారంలోకి సర్దుకుంటుందనీ, నీటిమట్టం పెరిగితే ఆ ఆకారమే పైకి, వెనక్కి జరుగుతుందనీ చెప్పే బ్రూన్ సూత్రం సరస్సు నివేదికల్లోనూ తరచూ కనిపిస్తుంది. చేతిలో లెక్కయంత్రం ఉంటే చాలు గనక దానికంత ఆదరణ. ఒడ్డు నుంచి పోయిందంతా ముందున్న అడుగు మీదే పేరుకుంటుందని అది అనుకుంటుంది. బురదై కొట్టుకుపోయే గట్టుకు ఆ ఊహ అతకదు. దానికంటే, ఈరీ సరస్సు ఉత్తర తీరపు గట్ల మీద 1987లో కాంఫుయిస్ అనే పరిశోధకుడు చేసినట్టు, గట్టు వెనక్కి జరిగే వేగాన్ని విరిగే అలల శక్తితో ముడిపెట్టడం నిజానికి దగ్గర.

బంకమట్టి ఎంత గట్టిదో మోడల్‌కు చెప్పడానికి సాధారణంగా రెండు అంకెలు చాలు: ఎంత రాపిడికి మట్టి కదలడం మొదలవుతుంది, ఆ హద్దు దాటాక ఎంత త్వరగా ఊడుతుంది. గట్టు నుంచి దిమ్మెలు కోసి తెచ్చి, ల్యాబ్‌లో నీటి కాలువలో పెట్టి, పారుదల పెంచుతూ వీటిని కొలుస్తారు. రెండు దిమ్మెలు పక్కపక్కనే తీసినా జవాబులు ఎన్నో రెట్లు తేడాగా వస్తుంటాయి. ఒకదాంట్లో గులకరాయి ఉంటుంది, మరోదాంట్లో సన్నటి పగులు. పైగా శీతాకాలంలో గడ్డకట్టి, కరిగి, ఆరి, తడిసిన పైపొర మెత్తబడి ఉంటుంది. అదే మట్టి, లోపల చేత్తో గీకితే గోరు దిగదు. ల్యాబ్‌లో ఏ పొర కొలిచారన్నదే జవాబును మార్చేస్తుంది.

మట్టం, మంచు, పక్కవాళ్ల ఇసుక

సముద్ర మట్టం దశాబ్దాల మీద మెల్లగా పెరుగుతుంది. సరస్సు మట్టం కొన్నేళ్లలోనే ఎగిసిపడుతుంది. మిషిగన్, హ్యూరాన్ సరస్సులు నీటి లెక్కలో ఒకటే సరస్సు. వాటి మట్టం 2013 జనవరిలో రికార్డు స్థాయికి పడిపోయింది. 2020 వేసవికి దాదాపు 1.9 మీటర్లు పైకి వచ్చింది. 2013లో అలలు బీచ్ మీదే అలిసిపోయే తుఫాను 2020లో వచ్చి ఉంటే నేరుగా గట్టు పాదాన్ని కోసేది. కాబట్టి వందేళ్లకోసారి వచ్చే తుఫాను అనే మాటకు ఇక్కడ సగం అర్థమే ఉంది. ఏ మట్టం మీద వచ్చిన తుఫాను అన్నది మిగతా సగం. సరైన పని ఏమిటంటే చాలా తుఫానులను చాలా మట్టాలతో జత చేసి నడిపి, ఒక్కో జంట ఎంత అరుదో తూచి చూడడం. మట్టాలు తగ్గిన ఏళ్లు కూడా పూర్తి విశ్రాంతి కాదు. అప్పుడు అలలు దూరంగా విరిగి అక్కడి అడుగును తవ్వుతాయి. దాని ఫలితం మట్టం పెరిగినప్పుడు బయటపడుతుంది.

మంచు సంగతి ఇంకో చిక్కు. శీతాకాలంలో ఒడ్డున గడ్డకట్టిన మంచు గుట్టలు అలలను దూరంగానే ఆపేస్తాయి. మంచు పలచబడిన ఏళ్లలో జనవరి తుఫాను కూడా ఒడ్డును తాకుతుంది. అయితే కదిలే మంచు దిమ్మెలు అడుగును గీకుతాయి కూడా. చాలా మోడళ్లు దీన్ని ఒక స్విచ్‌లా చూస్తాయి: మంచు ఉంటే అల లేదు, లేకపోతే ఉంది.

మోడల్ హద్దు ఎక్కడ గీయాలన్నది లెక్కల ప్రశ్నలా కనిపిస్తుంది గానీ దాని వెనక పక్కవాళ్ల తగాదా ఉంటుంది. టొరంటో దీవుల ఇసుక తూర్పున ఉన్న స్కార్‌బరో గట్లు కరిగి వచ్చింది. ఈరీ సరస్సులో దాదాపు 40 కిలోమీటర్ల లాంగ్ పాయింట్ ఇసుక నాలుక కూడా పడమటి గట్ల కోతతోనే పెరిగింది. ఒకరి కోత ఇంకొకరి బీచ్. గట్టును రాళ్లతో కట్టేసి ఆ రెండు కిలోమీటర్లకే మోడల్ నడిపితే ఫలితం అద్భుతంగా వస్తుంది. ఇసుక అందక ఎండిపోయే తీరం మ్యాపు బయట ఉంటుంది. పెన్సిల్వేనియాలోని ప్రెస్క్ ఐల్ ఇసుక నాలుక ముందు 1992 నాటికి 55 బ్రేక్‌వాటర్లు, అంటే అలలను ఆపే అడ్డుకట్టలు, కట్టారు. ఇసుక కదలిక పూర్తిగా ఆగిపోకుండా, వాటి మధ్య ఖాళీలు వదిలారు.

మోడల్ మంచిదో కాదో తేల్చే పరీక్ష కూడా జాగ్రత్తగా చూడాలి. తుఫానుకు ముందు, తర్వాత విమానం నుంచి లేజర్‌తో కొలిచి, వచ్చిన తేడాను మోడల్ తేడాతో పోలుస్తారు. అసలేమీ మారలేదని చెప్పే సోమరి మోడల్ కంటే ఇది ఎంత మెరుగో చూపే స్కోరు ఒకటి ఉంటుంది. అది సున్నా కంటే తక్కువ వచ్చిన సందర్భాలూ తక్కువేం కాదు. ఆ కొలతల్లో ఒక తెల్లటి చార ఉంటుంది. నేల మీది సర్వే నీటి అంచు దగ్గర ఆగిపోతుంది, పడవ సర్వే అలలు విరిగే చోటికి రాలేదు, కలక నీటిలో లేజర్ దిగదు. అసలు కోత జరిగేది ఆ చారలోనే. అక్కడ అంకెలు లేక రెండు పక్కల నుంచి గీత కలిపేస్తారు.

పరీక్షకు కొరుకుడుపడని ఇంకో సంగతి కాలం. నవంబరు తుఫాను గట్టు పాదాన్ని కోసి పోతుంది, గట్టు మాత్రం అలాగే నిలబడి ఉంటుంది. ఆ పైన మంచు కరిగిన నీరు లోపలికి ఇంకుతుంది. ఏప్రిల్‌లో ఒక ఎండ కాసే రోజు, సరస్సు అద్దంలా ఉన్నప్పుడు, పైఅంచు జారి పడుతుంది. మోడల్‌కు ఇచ్చిన తుఫానుల జాబితాలో ఆ రోజు ఉండదు. అంతకు కొన్ని వారాల ముందు ఏదైనా కనిపించి ఉంటే, అంచుకు రెండడుగుల వెనక గడ్డిలో ఒక సన్నటి చీలిక కనిపించి ఉంటుంది.